నాలుగూ నలభై వరుస

సైకిల్ స్టాండు, స్టేషను వెనక గేటు
ఫిబ్రవరి 9

చిరంజీవి పిచ్చుకకు,

నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. తప్పులు కూడా ఉంటాయి. ఏమీ అనుకోకుండా చదువుకో. పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకానే చదివాను. అందులోనూ సగం రోజులు కప్పు కారుతోందని ఇంటికి పంపేసేవారు. మీ అమ్మకైతే ముత్యాల్లాంటి రాత. మా ఇంటికి రావలసిన ముత్యాలన్నీ ఆవిడే తీసేసుకుంది.

ఫోన్ చేయమంటావు. ఫోనెత్తితే నాకు "ఆ", "ఊ" తప్ప మాట రాదు. మనిషి కనిపించకుండా మాట్లాడటం కష్టం. కనిపిస్తే ఇంకా కష్టం. అందుకే ఉత్తరం.

ఇక్కడ ఒక విశేషం. మా స్టేషనును కొత్తగా కడతారట. స్టేషను ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న స్థలమంతా. ఎత్తైన ఇళ్ళు, కింద దుకాణాలు, పైన ఆఫీసులు వస్తాయట. దానికి ముందుగా మనుషులొచ్చి లెక్క రాసుకుంటారని గోడ మీద కాగితం అంటించారు. నడిచి వచ్చేవాళ్ళెందరు, బస్సు దిగేవాళ్ళెందరు, సైకిలు పెట్టి రైలెక్కేవాళ్ళెందరు అని. మొన్న మంగళవారం వచ్చారు.

నేనిక్కడ కాపలాకు కూర్చుని ముప్పై ఏళ్ళు. ఆఫీసువాళ్ళు మా స్టాండు చూడ్డానికి రావడం ఇదే మొదలు. నాకు కాలు నిలవలేదు. సోమవారం సాయంత్రం సైకిలు తీసుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను, "రేపు ఒక్కరోజు మీ బండి ఆస్పత్రి గోడ పక్కన పెట్టుకోండి, పెద్దవాళ్ళొస్తున్నారు" అని. నా జన్మలో ఒక్కరోజు అంత మాట్లాడలేదు. దాదాపు అందరూ విన్నారు. మంగళవారం తెల్లవారగానే నేల ఊడ్చి కడిగాను, గేటుకు రంగు వేశాను. స్టాండు అద్దంలా ఉంది. మాట వినని పదకొండు మందివి తప్ప ఒక్క సైకిలు లేదు. ఆ పదకొండూ కూడా తుడిచి నిలబెట్టాను.

వచ్చిన అమ్మాయి చేతిలో బొత్తాం ఉన్న చిన్న డబ్బా. సైకిలు కనిపిస్తే ఒక నొక్కు. స్టూలు వేశాను. "ఎంత ప్రశాంతంగా ఉంది తాతగారూ మీ చోటు!" అంది. రోజంతా కూర్చుని పదకొండు సార్లే నొక్కింది. పాపం, వేలు నొప్పి పుట్టకుండా కాపాడాను.

నా పక్కన గొడుగులు బాగుచేసే ఆయన ఉన్నాడు కదా. "నీ పెళ్ళికి కూడా నువ్వింత ముస్తాబు కాలేదేమో" అన్నాడు. అననీ.

నీ గీతలు గీసే ఉద్యోగం ఎలా ఉంది? కళ్ళు జాగ్రత్త.

ఇట్లు,
మామయ్య


ఆఫీసు మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 20

మామయ్యా,

నీ రాత బాగానే ఉంది. ఆ కోడికి కాస్త తొందరెక్కువ, అంతే. అమ్మకు చదివి వినిపించాను. ముత్యాల దగ్గర పొంగిపోయి, "వాడికి నేనే కదా అక్షరాలు దిద్దించాను" అంది. నీ రాతకు బాధ్యులెవరో ఇప్పుడు తెలిసింది.

నా సంగతులు చెప్పమన్నావు. కిటికీ పక్క బల్ల కోసం రెండేళ్ళు కాచుకున్నాను, వచ్చింది. తీరా కిటికీలోంచి కనిపించేది ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకు. అయినా అది నా ట్యాంకు, ఎవరికీ ఇవ్వను. మా పెద్దాయన చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలుంటుంది. తప్పు చూపించాలన్నా అదే, టీ తెమ్మనాలన్నా అదే, వీపు గోక్కోవాలన్నా అదే. మేమంతా ఆయన్ను స్కేలు గారంటాం. ఆయనకు తెలుసు, తెలియనట్టుంటారు.

నాకు మొదటిసారి పెద్ద పని ఇచ్చారు. ఒక స్టేషను, దాని చుట్టూ స్థలం. ఎక్కడ మేడలు రావాలి, ఎక్కడ దారి వదలాలి, అన్నీ గీయాలి. ఏ స్టేషనో మాత్రం చెప్పకూడదు. ప్లాను బయటపెట్టేదాకా ఇంట్లోవాళ్ళకైనా చెప్పబోమని సంతకాలు పెట్టించుకున్నారు.

మామయ్యా, ఊరికే అడుగుతున్నా. మామూలు రోజున నీ స్టాండులో ఎన్ని సైకిళ్ళుంటాయి? మంగళవారం వాటిని తీయించిన సంగతి ఆ డబ్బా అమ్మాయికి చెప్పావా? ఏం లేదు, ఊరికే.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు నవ్వాను.

నీ పిచ్చుక


సైకిల్ స్టాండు
మార్చి 3

పిచ్చుకా,

"ఊరికే" అని రెండుసార్లు రాశావు. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చి, "ఊరికే వచ్చాను మామయ్యా" అని నా వెనక నిలబడేదానివి. ఇప్పుడేం పగిలిందో నాకు తెలియదు. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

ఆ అమ్మాయికి చెప్పలేదు. ఆవిడ అడగలేదు. అడగనిది నేనెప్పుడు చెప్పాను?

సైకిళ్ళు ఎన్నంటే, నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. ఏది ఎవరిదో తెలుసు. వేరే స్టాండుల్లో వచ్చిన వరుసలో పెడతారు. నేను తిరిగి వెళ్ళే వరుసలో పెడతాను. మధ్యాహ్నం రెండూ పదిహేను రైలుకు తిరిగొచ్చేవాళ్ళవి గేటు దగ్గర. వాటి వెనక నాలుగూ నలభై వరుస. తర్వాత ఆరూ పది, ఏడున్నర. గోడ వారగా ఆఖరి రైలువాళ్ళవి. ముందు వెళ్ళేది వెనక ఉంటే పది బండ్లు పక్కకు లాగాలి. హ్యాండిళ్ళన్నీ గేటు వైపే తిప్పి ఉంచుతాను. రైలు దిగిన మనిషికి అప్పటికే కాళ్ళు పీకుతుంటాయి. సైకిలు వెతుక్కోమనడం అన్యాయం.

చీటీలు ఇవ్వను. చీటీ అయితే పోగొట్టుకుంటారు. మొహం పోగొట్టుకోరు.

నాలుగూ నలభై వరుసలో మొదటిది నర్సమ్మది. ఎర్రది, సీటుకు ప్లాస్టిక్ సంచీ కట్టి ఉంటుంది. ఒకరోజు ఆవిడ ఆ రైలుకు రాకపోతే ఆరూ పది దాకా నాకు మనసు మనసులో ఉండదు. వచ్చాక "ఏం" అంటాను. "డ్యూటీ పొడిగించారు" అంటుంది. అంతే మాట్లాడుకుంటాం. చాలు.

నిజంగా ఏమైంది?

మామయ్య


ఆఫీసు మూడో అంతస్తు
ఏప్రిల్ 6

మామయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఈసారి నీ వెనక నిలబడటం లేదు, ఎదురుగా వచ్చి చెబుతున్నాను.

మేం గీస్తున్నది మీ స్టేషనే.

ఈ నెల ఇరవయ్యో తారీకున ప్లాను మీ గోడ మీద అంటిస్తారు. అది చూసి నీకు తెలియకూడదు. నేను చెబితే తెలియాలి. అందులో నీ స్టాండు లేదు.

మొదట గీసిన కాగితంలో ఉంది. ఉన్నచోటే, మెట్ల పక్కనే పెట్టాను. ఆ తర్వాత లెక్కలొచ్చాయి. సైకిళ్ళు: రోజు మొత్తానికి పదకొండు. స్కేలు గారు ఆ అంకె మీద స్కేలు ఆనించి, "పదకొండు సైకిళ్ళకు ఇంత చోటా? తీసెయ్యమ్మా" అన్నారు. తీసేశాను. నా చేత్తో, రబ్బరుతో. అక్కడ ఒక ఫౌంటెను, చుట్టూ కూర్చునే బల్లలు, పన్నెండు దుకాణాలు గీశాను. బాగుందని అందరూ వచ్చి చూశారు.

అప్పటికే నీ మొదటి ఉత్తరం నా సొరుగులో ఉంది. ఆ పదకొండు ఎలా వచ్చిందో ఆఫీసు మొత్తానికి నాకొక్కదానికే తెలుసు. వాగుడుకాయనని ఇంటిల్లిపాదీ నాకు పిచ్చుకని పేరు పెట్టారు కదా, ఆ పూట నోరు పెగల్లేదు. అది మా మామయ్య స్టాండని చెబితే పని లాగేసుకుంటారని భయం. నా మొదటి పెద్ద పని మామయ్యా.

ఇప్పుడు రెండు దారులున్నాయి. దుకాణాల వెనక మూలన మెల్లగా ఒక గీత జరిపి వంద సైకిళ్ళ చోటు ఇరికించగలను, ఎవరూ పట్టించుకోరు. లేకపోతే నీ ఉత్తరం స్కేలు గారికి చూపించాలి. నువ్వు ఏదంటే అది.

తిట్టాలనిపిస్తే తిట్టు. నీకు తిట్లు రావని తెలుసు. గొడుగులాయన్ను అడిగి రాయించు.

పిచ్చుక


సైకిల్ స్టాండు
ఏప్రిల్ 12

పిచ్చుకా,

ఉత్తరం అందింది.

చదివి స్టూలు మీద కూర్చుండిపోయాను. నాలుగూ నలభై రైలొచ్చి వెళ్ళింది. ఎవరి బండి వాళ్ళే తీసుకున్నారు.

తప్పు నాది. ఎవరైనా వస్తుంటే ఇల్లు సర్దుతాం కదా అనుకున్నాను. వాళ్ళు చూడ్డానికి వచ్చింది సర్దని ఇల్లని తెలియలేదు.

దొంగతనంగా గీత జరపొద్దు. ఉత్తరం చూపించు. రాత చూసి నవ్వితే నవ్వనీ.

నీ ఉద్యోగం పోతుందా? అది మాత్రం రాయలేదు నువ్వు.

మామయ్య


ఆఫీసు మూడో అంతస్తు, బాత్రూం పక్క బల్ల
ఏప్రిల్ 25

మామయ్యా,

పైన చిరునామా చూశావుగా. ఉద్యోగం పోలేదు, కిటికీ పోయింది. నా ట్యాంకు మీద బెంగగా ఉంది.

స్కేలు గారు నీ ఉత్తరం నిలబడే చదివారు. "వేలు నొప్పి పుట్టకుండా కాపాడాను" దగ్గర ఆయన భుజాలు కదిలాయి, నవ్వో దగ్గో తెలియలేదు. తర్వాత తలెత్తి, "ఫిబ్రవరిలో తెలిసింది ఏప్రిల్లో చెబుతావా?" అన్నారు. స్టేషను కాగితాలు నా బల్ల మీంచి పక్కాయన బల్ల మీదికి వెళ్ళాయి. నేనిప్పుడు మురుగుకాలవలు గీస్తున్నాను. పక్కకు వంచడం, కిందికి వంచడం. వాటికీ ఒక అందం ఉందట. ఇంకా కనిపించలేదు.

అసలు సంగతి విను. లెక్క తప్పని మా ఆఫీసు తనంతట తాను కొట్టేయకూడదట. సంతకాలైపోయిన లెక్క. మేనకోడలికి రాసిన ఉత్తరం సాక్ష్యం కాదట. కానీ గోడ మీద ప్లాను అంటించాక ఎవరైనా అభ్యంతరం రాసివ్వొచ్చు. జూన్ పదిహేనున కమ్యూనిటీ హాల్లో సభ పెట్టి అందరి మాటా వింటారు. అక్కడ నిజమని తేలితే మళ్ళీ లెక్కపెట్టిస్తారు. తేలకపోతే కొత్త సంవత్సరానికి నీ గేటు మూసేస్తారు.

ఒక్కటే చిక్కు. కాగితం ఇచ్చి ఇంట్లో కూర్చుంటే చెల్లదు. ఇచ్చిన మనిషే సభలో లేచి చెప్పాలి. అందరి ముందూ.

ఇది చదివి నువ్వు స్టూలు మీంచి పడిపోలేదు కదా?

పిచ్చుక


సైకిల్ స్టాండు
మే 15

పిచ్చుకా,

పడలేదు. పట్టుకుని కూర్చున్నాను.

అభ్యంతరం కాగితం రాసిచ్చాను. నాలుగు వాక్యాలు. రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

అంతకంటే పెద్ద పని ఇక్కడివాళ్ళకు చెప్పడం. ప్లాను గోడ మీదికి వచ్చింది కానీ చాలామంది చదవలేదు. రైలు పట్టుకోవాలి కదా, గోడలెవరు చదువుతారు. వాళ్ళ చోటు పోతోందనీ, అది నేను ఊడ్చి సర్దడం వల్లేననీ ఎలా చెప్పను? పది రోజులు నోరు మూసుకున్నాను. చివరికి నర్సమ్మ చదివింది. సైకిలు తీసుకుంటూ, "ఏంటండీ ఇది, మనం పదకొండు మందేనా? ఈ లెక్కపెట్టినాయనకి కళ్ళజోడు కావాలి" అంది.

"అది నా వల్లనమ్మా" అన్నాను. చెప్పాను.

ఆవిడ బండి స్టాండు వేసి నిలబడింది. "అంటే ఆ రోజు నేను ఆస్పత్రి గోడ దాకా తోసుకెళ్ళింది నా చోటు నేనే పోగొట్టుకోడానికా!" అంది. కోపం వచ్చింది. రావాలి కదా. రోజూ కొట్టే బెల్లు కొట్టకుండా వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి, "సభ ఎన్ని గంటలకి?" అంది. అంతే.

గొడుగులాయన నా బదులు తాను మాట్లాడతానంటున్నాడు. ఆయన మొదలుపెడితే గొడుగు దగ్గర మొదలై వాన, వరద, ఆయన చిన్నతనం మీదుగా పోతుంది. స్టాండు దాకా రాదు. ఇంకో ఉపాయం కూడా చెప్పాడు. మళ్ళీ లెక్కపెట్టే రోజున ఊళ్ళో ఉన్న పాత సైకిళ్ళన్నీ తెచ్చి నింపేద్దామని. "తుప్పు పట్టినవైనా పర్లేదు, డబ్బాకేం తెలుసు?" అంటాడు. ఒకసారి ఖాళీ చేసి అబద్ధం చూపించాను, ఇప్పుడు నింపి ఇంకో అబద్ధమా అన్నాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ హాయిగా ఉంది.

రోజూ రెండూ పదిహేనుకీ నాలుగూ నలభైకీ మధ్య సైకిళ్ళ ముందు నిలబడి నా నాలుగు వాక్యాలు చదువుతున్నాను. అవి బాగానే వింటున్నాయి. మనుషుల సంగతే తెలియదు.

మామయ్య


ఆఫీసు, మురుగుకాలవల బల్ల
మే 28

మామయ్యా,

నేను సభకు రాకూడదట. మేనకోడలు హాల్లో ఉంటే నీ మాట విలువ తగ్గుతుందని స్కేలు గారు అన్నారు. నిజమే అనిపించింది, ఏడుపూ వచ్చింది.

నాకు తెలిసిన చిట్కాలు చెబుతాను. ముందు వరుసలో ఒక మొహం చూసుకుని దానికే చెప్పు. నీళ్ళు తాగి వెళ్ళు. ఎక్కువ తాగకు. కాగితం వణికితే రెండు చేతులతో పట్టుకో. మధ్యలో ఆగిపోతే సిగ్గుపడకు, నేను వాగుతూనే ఉంటాను కానీ కావలసినప్పుడు ఆగిపోయాను కదా. నీకైతే అలవాటే.

అమ్మ ఒక్క మాట రాయమంది: "వాడికి చెప్పు, అక్షరాలు నేను దిద్దించాను, మాట మాత్రం వాడిదే."

పిచ్చుక


సైకిల్ స్టాండు
జూన్ 18

పిచ్చుకా,

ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది. ఓపిక పట్టు.

హాలు నిండిపోయింది. వేదిక మీద ప్లాన్లు ఖాయం చేసే పట్టణం ఆఫీసరమ్మ, కళ్ళజోడు ముక్కు చివర. ముందు ఇనుప సామాన్ల కొట్టాయన లేచి, కార్లు పెట్టుకోవడానికి ఇంకా చోటు కావాలన్నాడు. ఒకావిడ మేడలొస్తే తన ఇంటికి ఎండ రాదంది. గొడుగులాయన పేరు ఇవ్వకుండానే లేచాడు. నేను చెప్పినట్టే వరద దాకా వెళ్ళాడు. ఆఫీసరమ్మ గంట కొట్టింది. ఆయన ఆ గంట తనను మెచ్చుకోవడానికే అనుకుని ఇంకాసేపు మాట్లాడాడు.

తర్వాత "సైకిల్ స్టాండు" అని పిలిచారు.

లేచాను. రెండు చేతులతో కాగితం పట్టుకున్నాను. మొదటి వాక్యం చదివాను. రెండోది కళ్ళకు కనిపిస్తోంది, గొంతులోంచి రావడం లేదు.

ఆఫీసరమ్మ మంచి మనిషి. "కంగారేం లేదండీ. కాగితం వదిలేయండి. మామూలు రోజున ఎన్ని సైకిళ్ళుంటాయో చెప్పండి చాలు" అంది.

"తెలియదండీ" అన్నాను.

అందరూ నవ్వారు. ఇనుప కొట్టాయన, "ముప్పై ఏళ్ళు కాపలా కాసి ఎన్నో తెలీదా! ఇంక ఆ పదకొండే ఖాయం చేసుకోండమ్మా" అన్నాడు. ఇంకా నవ్వారు. కూర్చుందామనుకున్నాను. నర్సమ్మ మూడో వరుసలో ఉంది. ఆవిడ నవ్వలేదు. ఆవిణ్ణి చూస్తే ఎర్ర బండి గుర్తొచ్చింది.

"లెక్క తెలియదండీ, వరుస తెలుసు" అన్నాను. కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే హాలు లేదు, స్టాండు ఉంది. గేటు దగ్గర నుంచి మొదలుపెట్టాను.

"రెండూ పదిహేను వరుస. తపాలా ఆయనది, నలుపు, క్యారియరుకు తాడు. లెక్కల టీచరమ్మది, ముందు బుట్ట. కుట్టుమిషను ఆవిడది, వెనక చక్రంలో ఒక పుల్ల లేదు. రొట్టెల బట్టీ అన్నదమ్ములవి రెండు, ఒకటే తాళం. నాలుగూ నలభై వరుస. నర్సమ్మది, ఎరుపు, సీటుకు సంచీ..."

అలా చెప్పుకుంటూ పోయాను. కాసేపటికి ఒక మూల నుంచి టిక్కు, టిక్కు అని చప్పుడు వినిపించింది. కళ్ళు తెరిస్తే ఆ డబ్బా అమ్మాయి. ఆఫీసువాళ్ళతో వచ్చినట్టుంది. నేనొకటి చెబితే ఒకటి నొక్కుతోంది. నేను చెప్పిన సైకిలు మనిషి హాల్లో ఉంటే చెయ్యెత్తుతున్నారు. నవ్వు కూడా ఉంది, కానీ వేరే నవ్వు. "నా బెల్లు మోగదని కూడా చెప్పేశావా తాతా!" అని ఒకాయన అరిచాడు.

ఆరూ పది వరుస మధ్యలో ఆఫీసరమ్మ గడియారం చూసుకుంది. "ఇంకా ఉన్నాయా అండీ?" అంది. "సగమే అయిందండీ" అన్నాను. "కానివ్వండి" అంది.

చివర గోడ మూల ఒకటుంది. ఆరు నెలలుగా ఎవరూ రాలేదు, టైర్లు చచ్చాయి. "దీన్ని లెక్కలో వేసుకోవద్దండీ" అన్నాను. ఆ అమ్మాయి నొక్కబోయి వేలు తీసేసింది. డబ్బా చూసి, "రెండు వందల ఇరవై ఆరు మేడమ్" అంది. నాకూ అప్పుడే తెలిసింది.

"మరి ఫిబ్రవరిలో పదకొండెలా వచ్చాయండీ?" అంది ఆఫీసరమ్మ.

అదీ చెప్పాలి కదా. "నేనే తీయించానండీ. మీరొస్తున్నారని."

"మేమొస్తున్నామనా?"

"అవునండీ. చోటు శుభ్రంగా ఉండాలని."

ఆవిడ కళ్ళజోడు తీసింది. పక్కనున్న గుమాస్తాతో, "మళ్ళీ లెక్క పెట్టించండి. మూడు రోజులు. ఏ రోజో ముందు చెప్పొద్దు. ముఖ్యంగా ఈయనకి" అంది.

ఇంటికొచ్చి పడుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. నిలవ ఉన్నదంతా అయిపోయినట్టుంది.

మామయ్య


ఆఫీసు మూడో అంతస్తు
ఆగస్టు 3

మామయ్యా! మామయ్యా! మామయ్యా!

మూడు రోజుల లెక్క వచ్చింది. రెండు వందల పంతొమ్మిది. రెండు వందల ముప్పై ఒకటి. రెండు వందల ఇరవై నాలుగు. నువ్వు కళ్ళు మూసుకుని చెప్పింది, వాళ్ళు కళ్ళు తెరిచి చూసింది దాదాపు ఒకటే.

స్టాండు ఉండాలని ఆఫీసరమ్మ ఉత్తరువు పంపింది. "సైకిళ్ళు రైళ్ళ వేళలను బట్టి వరుసలుగా నిలుపుటకు వీలుండవలెను" అని ఒక ముక్క అందులో ఉంది. అది చదివి పక్క బల్లాయన బిక్కమొహం వేశాడు. స్కేలు గారు గది మధ్యలో నిలబడి, "నాలుగూ నలభై వరుసంటే ఏమిటో తెలిసినవాళ్ళు మన ఆఫీసులో ఎవరైనా ఉన్నారా?" అన్నారు. అందరూ మురుగుకాలవల బల్ల వైపు చూశారు.

"మరి వాళ్ళ మామయ్య కదండీ" అన్నాడు పక్కాయన. "స్టాండు ఉండాలా వద్దా అన్నది తేలిపోయింది. ఇప్పుడు కావాల్సింది తెలిసిన చెయ్యి" అన్నారు స్కేలు గారు. తర్వాత నా వైపు తిరిగి, "ఈసారి ఏదైనా తెలిస్తే ఆ రోజే చెప్పు" అన్నారు. సరేనన్నాను. బుద్ధిగా, ఒక్క మాటలో, నీలాగా.

నా ఫౌంటెను పోయింది మామయ్యా. నేనే చెరిపాను. కాస్త బాధేసింది, అందులో చేపలు కూడా అనుకున్నాను. దుకాణాలు పన్నెండు తొమ్మిదయ్యాయి. స్టాండు మెట్లకు ఆనుకునే ఉంది, పైన మేడ, కింద నువ్వు. వరుసల మీద రైలు వేళలు రాశాను. ఆఫీసు ప్లానులో ఇలాంటిది ఎవరూ చూడలేదట.

కడుతున్నంతకాలం ఆస్పత్రి గోడ పక్కన తాత్కాలికంగా పెడతారు. తర్వాత స్టాండు ఎవరు నడపాలో ఇంకా తేలలేదు, అది నా చేతిలో లేదు. వరుసలు పెట్టడం నేర్పడానికి నిన్ను ఉంచాలని మాత్రం ఆఫీసరమ్మ రాసింది.

ప్లాను నకలు ఒకటి దీనితో పంపుతున్నాను. ఈపాటికి మీ గోడ మీదా ఉంటుంది, కాబట్టి రహస్యమేం కాదు. చూసి ఎలా ఉందో రాయి. రెండు మాటలైనా చాలు.

పిచ్చుక


సైకిల్ స్టాండు
ఆగస్టు 17

పిచ్చుకా,

ప్లాను అందింది. బాగుంది.

రెండు మాటలు అయిపోయాయి. ఇంకా ఉన్నాయి.

కాగితం నేల మీద పరిచి నాలుగు మూలలా గొడుగులు పెట్టాం. రైలు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి చూశారు. నర్సమ్మ వేలు పెట్టి తన చోటు చూపించి, "ఇదిగో, ఇక్కడే నేను" అంది. తపాలా ఆయన తన వరుసకు ఎండ ఎటు పడుతుందని అడిగాడు. కుట్టుమిషను ఆవిడ దుకాణాలు తొమ్మిదిలో ఒకటి తనకిస్తారేమో కనుక్కోమంది. నీకు తెలిస్తే రాయి. నేను మాత్రం రెండు రోజులు ఊరికే చూశాను. మూడో రోజు ఒకటి కనిపించింది.

ఆరూ పది వరుస మధ్యలో నువ్వు ఒక నల్ల చుక్క పెట్టావు. స్తంభమట. మేడ దాని మీద నిలబడుతుందని నాకూ తెలుసు. కానీ ఆరూ పదికి అరవై మంది ఒక్కసారే దిగుతారు. అక్కడ స్తంభముంటే హ్యాండిలు తిరగదు. ఊహించి చెప్పడం లేదు. నీ కాగితం కొలతలతో నేల మీద సుద్దముక్కతో గీశాను. చుక్క ఉన్నచోట గొడుగులాయన్ను నిలబెట్టి, "నువ్వు స్తంభానివి, కదలకు, మాట్లాడకు" అన్నాను. కదలకుండా ఉన్నాడు. రైలు వచ్చింది. అరవై మందీ సైకిళ్ళు తీశారు. ఆయన మోకాలికి నాలుగుసార్లు, మోచేతికి రెండుసార్లు తగిలింది. "ఈ మేడ కూలిపోతుంది" అని కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు బతిమాలి తీసుకొచ్చి గోడ వైపు రెండు మూరలు జరిపి నిలబెట్టాను. ఒక్కటీ తగల్లేదు.

అందుకని అభ్యంతరం రాసిచ్చాను. ఈసారి రెండు పేజీలొచ్చింది. సభ సెప్టెంబరు రెండున. మాట్లాడేవాళ్ళ జాబితాలో మొదటి పేరు నాదే, నేనే వెళ్ళి రాయించుకున్నాను. నా పేరు చూసి గుమాస్తా, ఆ రోజుకు ఇంకెవరి పేరూ తీసుకోనన్నాడు.

స్తంభం జరుగుతుందా జరగదా? స్కేలు గారిని అడిగి, ఉన్నది ఉన్నట్టు రాయి. జరిగేటట్టయితే నేను సభలో ఒక నమస్కారం పెట్టి కూర్చుంటాను. లేదంటే చాలాసేపు మాట్లాడాలి, దానికి సిద్ధం కావాలి. గొడుగులాయన మోకాలికి కూడా ముందుగా చెప్పాలి. కాబట్టి ఈ ఉత్తరం చదివిన రోజే జవాబు రాసెయ్యి.

మామయ్య